డి డ్రైవులో పత్తి

పోయినవారం అమానుల్లాని ఎక్కడ వదిలేసి వచ్చాం మనం? చిలకలూరిపేట హైవే పక్క పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు ముందు, టీకొట్టు దగ్గర, చేతిలో గ్లాసుతో. మిల్లు కాటా గదిలోని పాత కంప్యూటర్‌లో విండోస్ పీకేసి లైనక్స్ ఎక్కించాడు. "చూడరా యలమందా, ఇక వైరస్ అన్నది ఈ గుమ్మం తొక్కదు" అని స్నేహితుడి భుజం తట్టి, పెళ్ళికొడుకులా నడుచుకుంటూ టీకి పోయాడు మహానుభావుడు. సగం గ్లాసన్నా తాగాడో లేదో, కాటా చూసే యలమంద ఆయాసపడుతూ వచ్చి "ఒరేయ్ అమాన్, డి డ్రైవు కనపడటం లేదేంట్రా?" అన్నాడు.

అమానుల్లా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఉంటది, పేరు మారుంటది, పద" అన్నాడు.

ఈ డి డ్రైవు గురించి ఓ మాట చెప్పుకోవాలి. పేటలో కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ ఒకటే వైద్యం తెలుసు. మిషన్ మొరాయించిందా, కావలసినవన్నీ డి లో పడేయ్, సి ని తుడిచేయ్, మళ్ళీ ఎక్కించు. నెట్ సెంటర్ల వాళ్ళది, శుభలేఖలు కొట్టే డీటీపీ వాళ్ళది, మిల్లు గుమాస్తాలది, అందరిదీ ఇదే పద్ధతి. సి అంటే వసారా, డి అంటే బీరువా. వసారా ఎన్నిసార్లు కడిగినా బీరువాలో బట్టలు తడవవని వాళ్ళ ధీమా. అమానుల్లా కూడా ఆ బడిలో చదివినవాడే. ముందుగా కాటా ప్రోగ్రామూ, అందులోని తూకాలూ అన్నీ జాగ్రత్తగా డి లో వేశాడు. అక్కడిదాకా బానే ఉంది.

తర్వాత లైనక్స్ సీడీ పెట్టాడు. మధ్యలో అదొక ప్రశ్న అడిగింది, డిస్కు మొత్తం వాడుకోనా అని. కాన్వెంటు స్కూల్లో పాతసామాన్ల వాడికి వెయ్యబోయిన మిషన్లు బాగుచేసినప్పుడు దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఎంటర్ కొట్టి కొట్టి చెయ్యి అలవాటు పడిపోయింది. ఇక్కడా కొట్టింది చెయ్యే, బుర్ర కాదు. సి, డి అనేవి రెండు పెట్టెలేం కావు. ఒకే గదికి మధ్యలో పాతచీర కట్టి రెండు వాటాలు చేసుకున్నట్టు, ఒకే డిస్కుకి పెట్టుకున్న రెండు పేర్లు. మొత్తం అంటే మొత్తమే మరి. చీరా పోయింది, వాటాలూ పోయాయి.

కాటా గదిలో కూర్చుని అమానుల్లా పై నుంచి కిందికి వెతికాడు, కింది నుంచి పైకి వెతికాడు. యలమంద వెనకాలే నిలబడి ఉన్నాడు.

"పొద్దుటి నుంచి లోపలికొచ్చిన బళ్ళన్నీ దాన్లోనే ఉన్నాయిరా. ఒక్కదానికీ ఇంకా స్లిప్పు ఇయ్యలా."

అమానుల్లా వేళ్ళు ఆగిపోయాయి. "ఇయ్యకపోవడమేంటి? తూకం వెయ్యగానే స్లిప్పు రాదా?"

"నిండుబండికి స్లిప్పు రాదురా! ఆ బరువు కంప్యూటర్ దాచుకుంటది. పత్తి దించేసి ఖాళీబండి మళ్ళీ కాటా ఎక్కాక, దాన్లోంచి దీన్ని తీసేసి అప్పుడు కొడతది స్లిప్పు. నీకు తెలవదా?"

తెలియదు. అదండీ అసలు సంగతి.

ఈ కుర్రాడు సంవత్సరం నుంచి ఊరంతా తిరిగి చెప్పిన మాట ఒకటే, మనిషిని బట్టి సిస్టమ్ ఉండాలని. దొంగకాపీ విండోస్ ఒకటి పట్టుకొచ్చి అందరికీ అదే అంటగడితే ఎట్లా అని వాదించేవాడు. కాన్వెంటు పిల్లలకి బొమ్మలూ లెక్కలూ ఉన్న లైనక్స్ వేరే ఉంది, అది పెట్టాడు. కోర్టు దగ్గర ప్లీడరుగారి టైపిస్టుకి ఉత్తరాలకి పనికొచ్చేది పెట్టాడు. ముసలి మిషన్లకి తేలికపాటిది ఉంది. అన్నీ ఉచితం, అన్నీ న్యాయంగా పంచుకోవచ్చు, ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. సంచీలో సీడీలు వేసుకుని సైకిల్ మీద తిరుగుతుంటే, టీకొట్టు దగ్గర జనం "అదుగో లైనక్స్ సాయిబు" అని ఏడిపించేవాళ్ళు. వాడికి అదీ బిరుదులాగే ఉండేది.

కాటా గదిలోనూ వాడు మనిషిని చూడకపోలేదు. జిన్ను రోలర్లలో పడి యలమంద కుడిచేతి వేళ్ళు పోయాయి. అప్పటి నుంచి మిల్లువాళ్ళు ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం, ఒక్క ఎడమచేత్తో రెండు మీటలు కలిపి నొక్కలేడని, ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా పనిచేసేలా ముందే అమర్చి పెట్టాడు అమానుల్లా. కాటా ప్రోగ్రామ్ లైనక్స్ లోపల నడవడానికి కూడా ఇంట్లో కూర్చుని ఉపాయం సాధించి మరీ వచ్చాడు. చెయ్యి చూశాడు, మిషన్ వయసు చూశాడు. ఆ చెయ్యి పొద్దున్నుంచీ ఏ పని మధ్యలో ఉందో మాత్రం అడగలేదు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? సాయంత్రం దాకా ఆగేవాడు, ఈ అఘాయిత్యం జరిగేది కాదు.

"కాయితం మీద రాయలేదా?" అన్నాడు అమానుల్లా.

"పోయిన సీజన్ దాకా గేటు దగ్గర రాసేవాళ్ళు. కంప్యూటర్ ఉండగా ఇదెందుకని చిన్నయ్యగారు ఆపించారు."

"నీకు గుర్తులేవా?"

"సీజన్‌లో ఎన్ని బళ్ళురా! ఎవరిదని గుర్తుపెట్టుకోను?" యలమంద ఏడుపు గొంతుతో అన్నాడు. "పత్తి కూడా దించేశారు. అందరిదీ ఒకటే కుప్ప పోశారు. గొట్టం పెట్టి లోపలికి లాగేస్తున్నారు కూడా."

బయట ఖాళీ ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. ఈ పాటికి సంగతి పాకిపోయింది. తూకాలు పోయాయంట అని ఒకడు, కంప్యూటర్‌ని సాయిబు చెడగొట్టాడంట అని ఇంకొకడు. మార్టూరు రైతు వెంకయ్య పంచె ఎగగట్టి అందరికంటే ముందున్నాడు. ఆయన గొంతు లేస్తే హైవే మీద లారీవాళ్ళు కూడా తిరిగి చూస్తారు.

"ఏరా, మా పత్తి మింగి మాకు లెక్క చెప్పరా? ఏం తమాషాగా ఉందా?"

ఆయన వెనకాల, ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని నిలబడి ఉంది పున్నమ్మ. నాదెండ్ల దగ్గర కౌలుకి చేస్తుంది. ఆ మనిషిని చూడగానే అమానుల్లాకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళమ్మ లాల్‌బీ ప్రతి ఏడూ పత్తి తీతకి వెళ్ళేది పున్నమ్మ చేలోకే. చిన్నప్పుడు ఆ గట్టు మీదే వీణ్ణి పడుకోబెట్టి అమ్మ పత్తి తీసేది. ఏడిస్తే పున్నమ్మే ఎత్తుకునేది. ఈ ఏడు పురుగు తినగా మిగిలిన పత్తంతా ఆ ఒక్క ట్రాక్టర్ ట్రక్కులోనే వచ్చింది. దాన్ని రెండోసారి మోసుకురావడానికి చేలో ఇంక మోళ్ళే ఉన్నాయి.

"నాయనా అమానుల్లా," అంది పున్నమ్మ. అరవలేదు. "నేనే ట్రక్కెక్కి తొక్కాను నాయనా పత్తి. గట్టిగా, సందు లేకుండా తొక్కాను. బరువు బాగా తూగుతదని డ్రైవరు కూడా అన్నాడు. పోలేదు గదా?"

"చూస్తాను పిన్నీ. ఒక్క ఫోను చేసొస్తా" అని అమానుల్లా గేటు బయట ఎస్టీడీ బూత్‌లోకి దూరాడు.

మంగళగిరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే జ్యోతిర్మయి మేడమే వీడికి ఈ సీడీలన్నీ ఇచ్చింది, ఈ పిచ్చి కూడా పట్టించింది. క్లాసులో ఉన్న ఆవిణ్ణి బతిమాలి పిలిపించుకున్నాడు. జరిగింది చెప్పాడు.

"కొత్త సిస్టమ్ ఎంత ఉంటుంది?" అంది మేడమ్.

"చిన్నది మేడమ్. తేలికపాటిదే పెట్టాను."

"అయితే విను. తుడిచేసింది పేర్లే గానీ లోపలున్నదంతా కాదు. నువ్వు పెట్టింది చిన్నది కాబట్టి డిస్కు మొదట్లో కొంచెమే ఆక్రమించి ఉంటుంది. డి లో ఉన్నవి చివర్లో అట్లాగే పడి ఉండొచ్చు. వెతికి బయటికి తీసే ప్రోగ్రాములు ఉన్నాయి."

అమానుల్లాకి ప్రాణం లేచొచ్చింది. "వస్తాయా మేడమ్?"

"మాట ఇవ్వలేను. కానీ ఇంకొక్క అక్షరం కూడా దాని మీద రాయకూడదు. వెంటనే ప్లగ్ పీకెయ్. డిస్కు ఊడదీసి పట్టుకుని ఇప్పుడే బస్సెక్కు. ఎవడైనా దాని మీద విండోస్ లాంటి పెద్ద సిస్టమ్ ఎక్కించాడంటే మాత్రం ఇక ఆశ వదిలేసుకో. దేవుడు దిగొచ్చినా రావు."

పరిగెత్తాడు. కాటా గదిలోకి దూకి, స్విచ్చు కూడా కట్టకుండా ప్లగ్ పీకి పారేశాడు. తెర నల్లబడింది. "ఒరేయ్ యలమందా, నీకు దణ్ణం పెడతా. ఎవరు చెప్పినా దీన్ని ఆన్ చెయ్యొద్దు. తూకాలు దొరికే దారి ఉంది. స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అంటుండగానే, ఇందాక బూత్ పక్కనే నిలబడ్డ ప్యూను వచ్చి తలుపు తట్టాడు. చిన్నయ్యగారు రమ్మంటున్నారు, ఉన్నపళంగా.

చిన్నయ్యగారంటే ఓనరు కొడుకు చైతన్యకృష్ణ. పెద్దాయన ఒంట్లో బాగోక ఇంటిపట్టునే ఉంటున్నాక మిల్లంతా ఇతనిదే. తిడతాడనుకుని తల వంచుకుని వెళ్ళాడు అమానుల్లా. తిట్టలేదు. ఏసీ గదిలో కుర్చీ చూపించాడు. కాఫీ తెమ్మన్నాడు. ఆ మర్యాద చూసి అమానుల్లాకి ఇంకా భయం వేసింది.

"సార్, తప్పు నాదే. కానీ డిస్కు ఇప్పిస్తే మంగళగిరి తీసుకెళ్ళి..."

"ముందు కాఫీ తాగు. చెమటలు పోస్తున్నాయి నీకు."

తాగాడు. వేడికి నాలుక కాలినా తెలియలేదు. చైతన్యకృష్ణ నింపాదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. లైనక్స్ గురించి అడిగాడు. ఏ ఏ రకాలున్నాయి, ఆఫీసుకి ఏది మంచిది, స్పిన్నింగ్ మిల్లు స్టోర్సుకి ఏది పెడితే బాగుంటుంది. ఇంకో రోజైతే అమానుల్లా ఎగిరి గంతేసేవాడు. ఇన్నాళ్ళలో ఈ ఊళ్ళో ఒక పెద్దమనిషి కూర్చోబెట్టి ఈ మాట అడగడం ఇదే మొదలు. ఏదో చెప్పాడు, కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి.

"సార్, ఆలస్యమైతే..."

"డిస్కు మిల్లుది అమానుల్లా. అందులో మా వ్యాపారమంతా ఉంది. బయటికి ఎట్లా పంపిస్తాను?"

"మేడమ్‌నే ఇక్కడికి రమ్మంటాను సార్. మీ కళ్ళ ముందే తీస్తుంది."

"అక్కర్లేదు. సీజన్ మొత్తం మీద బండికి ఎంత తూగిందో ఆఫీసులో సగటు ఉంది. అందరికీ ఆ సగటే వేసేస్తాం. గొడవ ఉండదు."

అమానుల్లా ఒక్క క్షణం అది న్యాయమే అనుకున్నాడు. తర్వాత బుర్రలో వెలిగింది. సీజన్ మొత్తం అంటే అందులో ఆటోలున్నాయి, ఎడ్లబళ్ళున్నాయి, నాలుగు గోనె బోరాలు వేసుకొచ్చిన చిన్న ట్రక్కులున్నాయి. ఇవాళ లోపలికొచ్చినవన్నీ నిండు ట్రాక్టర్లు. సగటు వేస్తే పున్నమ్మ తొక్కి తొక్కి నింపిన పత్తిలో సగం గాలికి పోయినట్టే. గాలికి కాదు, మిల్లుకి.

"అది అన్యాయం సార్" అన్నాడు.

చైతన్యకృష్ణకి కోపం రాలేదు. "చెడగొట్టింది ఎవరు, నేనా?" అన్నాడు మెల్లగా. "చూడు, నిన్ను పోలీసులకి అప్పచెప్పాలంటే నాకు ఒక్క ఫోను. నిన్ను లోపలికి రానిచ్చినందుకు యలమందని తీసెయ్యాలంటే అదీ అక్కర్లేదు, ఒక్క మాట. ఆ చేత్తో ఇంకే మిల్లువాడు పని ఇస్తాడు వాడికి? కానీ నాకు అవేవీ ఇష్టం లేదు. నువ్వు తెలివైనవాడివి. మన ఆఫీసులన్నిటిలో, స్పిన్నింగ్ మిల్లులో, గోడౌన్లలో నీ లైనక్సే పెట్టుకో. ఏ మనిషికి ఏది కావాలో నువ్వే చూసి పెట్టు. నీకు కావల్సింది అదేగా?"

అవును, కావల్సింది అదే. కళ్ళు మూసుకుంటే కనపడే కల. ఇన్నాళ్ళూ టీకొట్టు దగ్గర నవ్వినవాళ్ళ నోళ్ళు ఒక్క దెబ్బకి మూతపడతాయి. ఆ కలని తీసుకొచ్చి ఇట్లాంటి చోట, ఇట్లాంటి మనిషి చేతిలో పెట్టాడు అల్లా. అమానుల్లాకి ఏడుపొచ్చింది.

"నేనేం చెయ్యాలి సార్?"

"బయటికెళ్ళి ఒక్క మాట చెప్పు. పోయింది, ఇక రాదు అని. కంప్యూటర్ తెలిసినవాడివి, నీ మాటే నమ్ముతారు. మా మాట నమ్మరు."

లేచాడు. మిల్లు ఆవరణలోకి రాగానే జనం మూగేశారు. మబ్బు పట్టింది, ఇంకా కాటా ఎక్కని బళ్ళవాళ్ళు పత్తి మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటున్నారు. గాలికి లేచిన పత్తి నూగు అందరి తలల మీదా పడుతోంది.

"ఏమన్నాడురా మీ దొర?" అన్నాడు వెంకయ్య.

అమానుల్లా నోరు తెరిచాడు. పోయింది అనాలి. చిన్నమాట. అనేస్తే యలమంద కుర్చీ ఉంటుంది, తన కల ఉంటుంది, పోలీసులు రారు. పున్నమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. వాడి చెయ్యి పట్టుకుంది. పత్తికాయల మొనలు గీరుకుని గీరుకుని గరుకెక్కిన చెయ్యి. ఇంట్లో అమ్మ చెయ్యి కూడా ఇట్లాగే ఉంటుంది.

"ఎవరేమన్నారో నాకొద్దు. నువ్వు చెప్పు. ఆ పెట్టెలో నా పత్తి బరువు ఉందా, లేదా?"

"ఉంది పిన్నీ," అన్నాడు అమానుల్లా. నోటి నుంచి వచ్చేసింది. వచ్చాక ఇక ఆగలేదు. "ఉంది. తియ్యొచ్చు. తీసే మనిషి ఉంది. నా తప్పు వల్ల చెరిగింది, నిజమే. కానీ డిస్కు ఇస్తే తీసుకురావచ్చు. సగటు అంటారు, ఒప్పుకోవద్దు. మీ పత్తి సగం పోతది."

పున్నమ్మ మొహం విప్పారింది. అంత దిగులులోనూ ఆ నవ్వు చూసి అమానుల్లాకి గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది. ఏం జరిగినా సరే అనుకున్నాడు. జైలుకి పంపినా సరే.

"పదండ్రా, పెట్టె తెచ్చుకుందాం!" అని వెంకయ్య ముందు నడిచాడు. అందరూ వెనకాల బయలుదేరారు.

కాటా గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

అమానుల్లా తలుపు తట్టాడు. "ఒరేయ్ యలమందా, నేనేరా." పలకలేదు. లోపల్నుంచి సన్నగా గిర్రుమని శబ్దం వస్తోంది. సీడీ తిరిగే శబ్దం. ఆ శబ్దం వాడికి తెలియనిదా? కిటికీ దగ్గరికి పరిగెత్తి ఊచలు పట్టుకున్నాడు.

తెర నీలంగా వెలుగుతోంది. దాని మీద దొంగకాపీ విండోస్ ఎక్కుతోంది. పచ్చగీత ఇంచుమించు చివరికి వచ్చేసింది. కుర్చీలో యలమంద, ఎడమచేత్తో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

"ఏం చేశావురా!"

యలమంద తలెత్తలేదు. "నువ్వు అటు వెళ్ళగానే ప్యూను సీడీ తెచ్చిచ్చాడురా. చిన్నయ్యగారు ఎక్కించమన్నారన్నాడు. ఎక్కించకపోతే కుర్చీ దిగి ఇంటికి పొమ్మన్నారన్నాడు. నేనెక్కడికి పోనురా?"

కాఫీ. ఆ ఏసీ, ఆ మర్యాద, స్పిన్నింగ్ మిల్లుకి ఏ లైనక్స్ మంచిదన్న ఆ తీరుబడి ప్రశ్నలు. గ్లాసులో కాఫీ చల్లారే లోపు ఇక్కడ పని అయిపోవాలని కూర్చోబెట్టాడు. తను బయటికొచ్చి ఉంది అన్నా, లేదు అన్నా వాళ్ళకి ఒకటే. అది తెలియక నిజం చెప్పి మనిషిననుకున్నాడు.

"తలుపు పగలగొట్టండ్రా!" వెంకయ్య ట్రాక్టర్‌లోంచి ఇనప రాడ్డు లాక్కొచ్చాడు. ఇద్దరు తలుపుకి భుజాలు ఆనించారు. పున్నమ్మ అమానుల్లా చొక్కా పట్టుకుని లాగింది.

"తలుపు తీస్తే వచ్చిద్దా నాయనా? ఇప్పుడు ఉందా?"

తలుపు నెట్టేవాళ్ళు కూడా ఆగారు. అందరూ వాడి నోటి వంకే చూస్తున్నారు. ఉందంటే తలుపు విరుగుతుంది, లోపలున్నది ఒంటిచేతి మనిషి, ఇంత కోపమూ వాడి ఒంటి మీదే పడుతుంది. లేదంటే పున్నమ్మ కళ్ళల్లో ఇందాక తను పెట్టిన వెలుగు తన చేత్తోనే ఆర్పెయ్యాలి.

"లేదు పిన్నీ," అన్నాడు అమానుల్లా. "ఇందాక ఉంది. ఇప్పుడు లేదు. ఇక రాదు."

పున్నమ్మ చెయ్యి వాడి చొక్కా వదిలేసింది. వెనక్కి తిరిగి ఖాళీ ట్రక్కు వైపు నడిచింది.

"ఉందన్నావు. ఇంతలోనే లేదంటున్నావు," అన్నాడు వెంకయ్య పళ్ళు బిగించి. "ఇంతసేపూ లోపల చల్లగా కూర్చుని కాఫీ తాగొచ్చావు. ఎంతకి అమ్ముడుపోయావురా?"

"నేను కాదు, వాళ్ళు నన్ను..." అంటూ అమానుల్లా చేతులు అడ్డం పెట్టాడు.

వెంకయ్య చేతిలో రాడ్డు పైకి లేచింది. తలుపు మీదికి కాదు.